అద్దె, కిరాయి, బాడుగ

తెనాలిలో మా వీధి గోడల మీద వేలాడే అట్టముక్కల మీద "ఇల్లు అద్దెకు ఇవ్వబడును" అని ఉండేది. 2009లో హైదరాబాదు ఎస్సార్ నగర్ సందుల్లో గది కోసం తిరుగుతుంటే చాయ్ దుకాణం ఆయన "కిరాయికా అమ్మా?" అన్నాడు. ఐదేళ్ల తర్వాత బెంగళూరులో అదే పని మీద తిరిగితే అక్కడ దాని పేరు బాడిగె. బావగారి ఉద్యోగం వల్ల అనంతపురంలో స్థిరపడ్డ మా అక్క ఇంటి చుట్టుపక్కల అందరూ బాడుగ అంటారు. నాకు కొత్తగా వినబడ్డ కన్నడ మాట అక్క పిల్లలకి చిన్నప్పటి నుంచీ చెవిలో ఉన్నదే. పారసీ దారిలో వచ్చిన కిరాయి నాకు పరాయి మాటలా తోచింది, ఎదురుగా నిలబడ్డ మనిషి మాట్లాడుతున్నది తెలుగే అయినా.

ఈ మూడు మాటలూ మళ్లీ గుర్తుకు రావడానికి కారణం అక్క కూతురు. చదువు అయింది, ఉద్యోగం వచ్చింది, హైదరాబాదు ఆఫీసో బెంగళూరు ఆఫీసో తననే ఎంచుకోమన్నారు. "పిన్నీ, నువ్వు రెండు ఊళ్లలోనూ ఒక్కదానివే ఉన్నావు కదా, ఏది మంచిది?" అని అడిగింది. అప్పటికే కాగితం మీద రెండు గడులు గీసుకుంది. జీతం, గది ఖర్చు, ఆఫీసుకి దూరం, ఎండ, వాన అన్నీ అందులో ఉన్నాయి. అవన్నీ చూసుకోవాల్సినవే. కానీ రెండు ఊళ్లకీ అసలు తేడా ఆ గడుల్లో ఎక్కడా లేదు.

ఒంటరిగా వచ్చిన మనిషిని ఏ ఊరైనా ముందు అనుమానిస్తుంది. వెనక ఎవరున్నారు, రేపు ఏదైనా అయితే ఎవరొస్తారు, డబ్బు ఎగ్గొడితే ఎవరిని పట్టుకోవాలి? ఆ అనుమానం తీర్చుకోవడానికి హైదరాబాదు సాక్ష్యం అడుగుతుంది, బెంగళూరు జామీను అడుగుతుంది. తెలుగు అమ్మాయిగా నాకు ఎదురైన తేడా అది. బయలుదేరే ముందు మన దగ్గర ఈ రెండిట్లో ఏది ఉందో తెలుసుకోవాలని నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది.

హైదరాబాదులో మొదటి ఆర్నెల్లు హాస్టల్లోనే ఉన్నాను. అక్కడ ఎవరూ ఏమీ అడగలేదు. ముగ్గురి షేరింగా, నలుగురి షేరింగా అన్నది తేలాక ఒక నెల డబ్బు, చిన్న అడ్వాన్సు, ఆధార్ లేని కాలం కాబట్టి కాలేజీ కార్డు నకలు ఇస్తే మంచం చూపించేశారు. అమీర్‌పేట మైత్రీవనం చుట్టూ కోచింగు సెంటర్లు, వాటి చుట్టూ హాస్టళ్లు. ఊరి నుంచి వచ్చిన పిల్లని నెల రోజుల్లో నిలబెట్టగలిగిన పేట అది. ఇంటి ఓనరు ముందు నిలబడ్డాకే అసలు పరీక్ష మొదలైంది.

"ఏ ఊరమ్మా మీది?"

"తెనాలండీ."

"తెనాల్లో ఎక్కడ? నాన్నగారేం చేస్తారు? ఇక్కడ మీ వాళ్లెవరున్నారు?"

అక్కడితో ఆగితే నేనూ ఆయన్ని తప్పుపట్టను. ఒక ఆడపిల్ల తన ఇంట్లో ఉండబోతుంటే పెద్దాయన అడగాల్సిన ప్రశ్నలే. ఆ తర్వాత గొంతు తగ్గించి, "మీరేమిట్లు?" అన్నాడు. ఆ గొంతు తగ్గడమే నాకు బాగా గుర్తుంది. అడగకూడనిదని తెలియకపోతే ఎవరూ గొంతు తగ్గించరు. భాష ఒకటే అయినందువల్ల కలిగే నష్టం ఇది. మాట అర్థమయ్యే చోట ఇంటిపేరు కూడా అర్థమవుతుంది, ఇంటిపేరు పట్టుకుని ఊళ్లో ఏ వీధో ఊహిస్తారు, వీధి పట్టుకుని మనిషినే తేల్చేస్తారు. తెలంగాణ ఉద్యమం ఊపుమీదున్న ఆ సంవత్సరాల్లో "ఏ ఊరు?" అన్న ప్రశ్నకి ఇంకో బరువు కూడా ఉండేది. మా హాస్టల్లో నల్లగొండ, వరంగల్ అమ్మాయిలు, నేను, ఒకే కంచంలో మామిడికాయ ముక్కలు ఉప్పుకారం అద్దుకుని తిన్నవాళ్లమే టీవీలో వార్తలు వస్తే కాసేపు మాట్లాడుకోకుండా ఉన్న సాయంత్రాలు ఉన్నాయి. వాళ్ల కోపానికి కారణం ఉందని, నా మౌనంలో భయం ఉందని ఇప్పుడు చెప్పగలను.

ఆ ఇంటి ఓనరు గది ఇచ్చాడు. ఆయన తోడల్లుడిది కొల్లిపర అని, అక్కడ మా పెదనాన్నకి తెలిసినవాళ్లున్నారని రెండు రోజుల్లో తేలిపోయింది. ఇక సాక్ష్యం దొరికింది కదా, అడ్వాన్సు రెండు నెలలే చాలన్నాడు. దానికి మారుగా నేను రాత్రి తొమ్మిదిన్నరకి వచ్చిన సంగతి పొద్దున్నే అమ్మకి తెలిసేది.

బెంగళూరులో మూడే ప్రశ్నలు. "ఎల్లి కెలస మాడ్తీరా?" అంటే ఎక్కడ పని అని. కంపెనీ కార్డు చూసి ఓనరు తల ఊపాడు. ఎంతమంది ఉంటారన్నాడు. ఒక్కదాన్నే అన్నాను. మూడోది ప్రశ్న కూడా కాదు, మొత్తం. తొమ్మిది వేల గదికి పది నెలల అడ్వాన్సు, తొంభై వేలు. మా నాన్న పేరు ఆయనకి ఈనాటికీ తెలియదు. అమ్మ గాజులు బ్యాంకులో పెట్టి ఆ డబ్బు కట్టాను. ఆ గాజులు విడిపించడానికి పద్నాలుగు నెలలు పట్టింది. అన్నాళ్లూ గది తాళం తీసినప్పుడల్లా లోపల అమ్మ చేతులు కనబడినట్టుండేది.

పది నెలల అడ్వాన్సు అక్కడ తాతలనాటి అలవాటు. ఇప్పుడిప్పుడే చాలాచోట్ల ఐదారు నెలలకి దిగింది. కేంద్ర ప్రభుత్వం 2021లో ఆమోదించిన నమూనా అద్దె చట్టం నివాసానికైతే రెండు నెలల అద్దెకి మించి అడ్వాన్సు తీసుకోకూడదంటుంది. అది నమూనా మాత్రమే, రాష్ట్రాలు తమ చట్టంగా చేసుకుంటే తప్ప ఓనరు ముందు చూపించి లాభం లేదు. ఒప్పందం మాత్రం రెండు ఊళ్లలోనూ పదకొండు నెలలకే రాస్తారు. ఏడాదికి మించిన లీజుని 1908 నాటి రిజిస్ట్రేషను చట్టం ప్రకారం తప్పనిసరిగా రిజిస్టరు చేయించాలి కాబట్టి ఆ గీత దాటకుండా ఆగిపోతారు. ఖాళీ చేసేటప్పుడు రంగుల కింద ఒక నెల అద్దె కోసుకోవడం బెంగళూరులో మామూలు. ఈ మాట చేరేటప్పుడే కాగితం మీదకి ఎక్కించుకోవాలి. నేను ఎక్కించుకోలేదు. గోడ మీద ఒక్క మేకు కొట్టకపోయినా నాకు తిరిగొచ్చింది ఎనభై ఒక్క వేలే.

మరి ఏది నయం? కొన్నాళ్లు బెంగళూరు పద్ధతే గౌరవంగా ఉందనుకున్నాను. డబ్బుకి కులం లేదు కదా అని. ఆ నమ్మకాన్ని నా పక్క సీట్లో పనిచేసే అమ్మాయి పోగొట్టింది. కడప నుంచి వచ్చింది, ముస్లిం. నాకంటే ఎక్కువ జీతం, పది నెలలు కాదు పన్నెండు నెలలైనా కట్టగలదు. ఫోనులో గది ఖాయమయ్యేది. పేరు చెప్పగానే "ఇంకెవరికో మాటిచ్చేశాం" అనేవాళ్లు. అంతకుముందు ఆమె హైదరాబాదులో ఉన్నప్పుడు కొన్ని పేటల్లో సరిగ్గా ఇదే జరిగింది, పాతబస్తీ వైపు వెళ్తే సులువుగా దొరికిందిగానీ ఆఫీసుకి గంటన్నర దూరం. ఆమె కథ విన్నాక నా లెక్క మార్చుకోవాల్సి వచ్చింది. జామీను అడిగే ఊరు కూడా ఎవరి జామీను తీసుకోవాలో ముందే నిర్ణయించుకుని కూర్చుంటుంది. ఊళ్ల గురించి నేను రాస్తున్న ఈ తేడాలన్నీ నాలాంటి పేరున్నవాళ్లకి వర్తించే తేడాలే. అలాంటి పేరు లేనివాళ్లకి రెండు ఊళ్లూ ఎక్కువసార్లు ఒకే తలుపు మూసి చూపిస్తాయి. బయలుదేరేముందు ఆ పేరుతో ఆ ఊళ్లో ఇప్పటికే ఉంటున్నవాళ్లని ఒకరిని పట్టుకుని ఏ పేటలో ఎలా ఉంటుందో అడిగి తెలుసుకోవడం తప్ప ఆమెకి నేను చెప్పగలిగింది ఏమీ లేకపోయింది. అది నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

భాష సంగతి అనుకున్నదానికి తలకిందులుగా జరిగింది. తెలుగు ఊరని హైదరాబాదు వెళ్తే ఆటో ఎక్కగానే దక్కనీ, కూరగాయల బండి దగ్గర "గిదెంత, గదెంత". మొదటి నెలంతా నా తెలుగు విని "ఆంధ్రానా?" అని అడిగినవాళ్లే. కన్నడం రాదని భయపడుతూ బెంగళూరు వెళ్తే బస్సు మీద బోర్డు చదవగలిగాను! తలకట్టు దగ్గర కాస్త తేడా తప్ప అక్షరం మనదే అనిపిస్తుంది. అర్థం తెలియకపోయినా శివాజినగర, జయనగర, యశవంతపుర అని చదువుకుంటూ సరైన బస్సెక్కి కూర్చున్న రోజు ఎంత ధైర్యం వచ్చిందో చెప్పలేను. పరాయి ఊళ్లో మనిషికి మాట వచ్చే వరకూ చదువు ఆసరా. తమిళనాడుకో కలకత్తాకో వెళ్లే తెలుగువాళ్లకి ఈ సాయం ఉండదు. పది మాటలు ముందే నేర్చుకుని వెళ్లడం మంచిది. "కన్నడ గొత్తిల్ల" అనడం కన్నా "స్వల్ప స్వల్ప బరుత్తె" అంటే ఎదుటివాళ్ల ముఖం వేరేలా ఉంటుంది.

తిండి దగ్గర నేను హైదరాబాదు పక్షం. కర్రీ పాయింటు అన్న ఏర్పాటు ఒంటరివాళ్ల కోసమే పుట్టిందేమో అనిపిస్తుంది. గదిలో కుక్కరు పెట్టుకుని అన్నం వండుకుంటే చాలు. పప్పు ఒక కవరు, వేపుడు ఒక కవరు, సాంబారు ఇంకో కవరు తెచ్చుకుంటే మనింటి భోజనానికి దగ్గరగా వచ్చేస్తుంది. బెంగళూరులో ఒక్కరికి సరిపడా కూర కొనుక్కోవడం కష్టం. మారతహళ్ళి వైపు ఆంధ్రా మెస్సులున్నా అవి ఆకలితో వెళ్లి నిండుగా తినేవాళ్లకి. కానీ అక్కడి దర్శినికి నేను రుణపడి ఉన్నాను. 1980లలో మొదలైన ఈ నిలబడి తినే హోటళ్లలో కుర్చీలుండవు, నడుమెత్తు బల్లలే. కుర్చీలున్న హోటల్లో ఒక ఆడది ఒక్కతే కూర్చుని తింటుంటే చుట్టుపక్కలవాళ్లు ఒకసారైనా చూస్తారు. నిలబడి తినేచోట అందరూ ఒంటరివాళ్లే. రెండేళ్లు నా పొద్దుటి టిఫిను అక్కడే గడిచింది, ఒక్కసారి కూడా ఎవరూ "ఒక్కరేనా?" అనలేదు.

నీళ్ల గురించి ముందుగా అడగాలని నాకెవరూ చెప్పలేదు. హైదరాబాదులో మున్సిపల్ కుళాయి నీటిని ఇప్పటికీ మంజీర నీళ్లంటారు, బెంగళూరులో కావేరి నీళ్లంటారు. గది చూడ్డానికి వెళ్లినప్పుడు ఆ నది పేరు పెట్టే అడగాలి. "కావేరి వస్తుందా, బోరా, ట్యాంకరా?" అని. కావేరి నీటిని వంద కిలోమీటర్ల అవతల నుంచి, దాదాపు అరకిలోమీటరు ఎత్తుకు పంపు చేసి బెంగళూరుకి తెస్తారు. 2024 వేసవిలో బోర్లు ఎండిపోయినప్పుడు ట్యాంకరు మీద బతికే అపార్టుమెంట్లలో బకెట్లు లెక్కపెట్టుకున్నారు. చల్లగా ఉంటుందని బెంగళూరు వెళ్లేవాళ్లు ఈ సంగతి మర్చిపోతారు. ఎండ మాటకొస్తే, తొమ్మిది వందల మీటర్ల ఎత్తులో ఉన్న బెంగళూరుకి హైదరాబాదు సాటిరాదు. పైగా ఒంటరివాళ్లకి హైదరాబాదులో దొరికేది ఎక్కువగా డాబా మీద కట్టిన ఒంటి గది. మే నెలలో అర్ధరాత్రి కూడా ఆ శ్లాబు సెగలు కక్కుతుంది.

అక్క కూతురు కాగితం మీద రాసుకున్న గడుల్లో "ఉచిత బస్సు, రెండు చోట్లా ఉంది" అని ఒకటి ఉంది. అక్కడ ఆగి మాట్లాడాల్సి వచ్చింది. కర్ణాటకలో శక్తి పథకం 2023 జూన్ 11న మొదలైంది, తెలంగాణలో మహాలక్ష్మి అదే ఏడాది డిసెంబరు 9న, ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీశక్తి 2025 ఆగస్టు 15న. మూడూ ఆడవాళ్లకీ ట్రాన్స్‌జెండర్లకీ, మూడూ ఆ రాష్ట్రంలో నివాసం ఉన్నట్టు గుర్తింపు కార్డు ఉన్నవాళ్లకే. అనంతపురం చిరునామా ఉన్న పిల్ల అనంతపురంలో టికెట్టు లేకుండా తిరుగుతుంది. హైదరాబాదులో దిగినా బెంగళూరులో దిగినా డబ్బులిచ్చి కొనుక్కోవాలి. చిరునామా మార్చుకుంటే అక్కడ దొరుకుతుంది, ఇక్కడ పోతుంది. నెలకి ఓ వెయ్యి రూపాయల విషయమే కావచ్చు. కానీ ఎప్పుడు మార్చుకోవాలన్న ప్రశ్న చిన్నది కాదు. ఓటు సంగతి కూడా అప్పుడే ఆలోచించుకోవాలి. నేను హైదరాబాదులో ఉన్న ఐదేళ్లూ తెనాలి చిరునామాతోనే ఉన్నాను, బెంగళూరు వచ్చిన రెండో ఏడాదే మార్చుకున్నాను. పుట్టిల్లు కనుచూపు మేరలో ఉన్నన్నాళ్లూ మనం వచ్చిన ఊళ్లో పూర్తిగా దిగం అనుకుంటాను.

ఆ మేర అనేది ఎవరి ఊరిని బట్టి వాళ్లకి. తెనాలికి హైదరాబాదు నుంచి ఐదారు గంటల రైలు, శుక్రవారం సాయంత్రం అనుకుంటే రాత్రికల్లా ఇంట్లో ఉండొచ్చు. బెంగళూరు నుంచి ప్రశాంతి ఎక్స్‌ప్రెస్‌లో గుంటూరు రావాలంటే దాదాపు ఒక రాత్రంతా రైల్లోనే. రిజర్వేషను గడువు 2024 నవంబరు 1 నుంచి 120 రోజుల నుంచి 60కి తగ్గింది, పండక్కి ఆ మొదటి పొద్దునే పట్టుకోవాలి. అనంతపురానికి ఈ లెక్క తిరగబడుతుంది. ఒకే 44వ నంబరు జాతీయ రహదారి మీద బెంగళూరు రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు, హైదరాబాదు మూడు వందల అరవై. నాకు దూరమైన ఊరు దానికి దగ్గర. నా అనుభవాన్ని ఉన్నదున్నట్టు దానికి అప్పజెప్పలేనని తెలిసింది అక్కడే.

సంక్రాంతి రోజుల్లో హైదరాబాదులో మిగిలిపోయినవాళ్లకి ఆ ఊరు ఎలా ఉంటుందో చెప్పాలి. విజయవాడ దారిలో పంతంగి టోలు దగ్గర కార్లు బారులు తీరతాయి, ఊరు ఖాళీ అవుతుంది, హాస్టలు మెస్సు మూసేస్తారు. ఒక ఏడాది సెలవు దొరక్క మూడు రోజులు బ్రెడ్డు తిన్నాను. అంతమంది తెలుగువాళ్ల మధ్య అంత ఒంటరితనం ఇంకెక్కడా చూడలేదు. బెంగళూరులో అదే పండక్కి ఊరు కదలదు. పక్కవాటా పాప పట్టులంగా కట్టుకుని వచ్చి ఎళ్ళు బెల్ల, చెరకు ముక్క చేతిలో పెట్టి వెళ్లింది. నువ్వులూ బెల్లమూ నోట్లో వేసుకుని చాలాసేపు గుమ్మంలోనే నిలబడ్డాను.

అన్నిటికన్నా పెద్ద తేడా జ్వరం. హైదరాబాదులో నాకు జ్వరమొచ్చిన రెండో రోజు మధ్యాహ్నానికే ఓనరు భార్య ద్వారా అమ్మకి తెలిసి, అమ్మ ద్వారా కూకట్‌పల్లిలో ఉన్న దూరపు చుట్టానికి తెలిసి, ఆవిడ చారు, మెత్తటి అన్నం క్యారియరులో పెట్టుకుని వచ్చేసింది. నేను విసుక్కునే ఆ నిఘాయే ఆ రోజు క్యారియరై వచ్చింది. బెంగళూరులో డెంగీ వచ్చినప్పుడు నాలుగు రోజులు తలుపు వేసుకుని పడుకున్నా ఎవరికీ తెలియలేదు. నాలుగో రాత్రి ఆసుపత్రికి ఒక్కదాన్నే వెళ్తే కౌంటరు దగ్గర "జొతెగె యారు బందిద్దారె?" అన్నారు. తోడు ఎవరొచ్చారు అని. ఎవరూ లేరన్నాను. అడ్మిషను కాగితం మీద సంతకానికి ఒక మనిషి కావాలన్నారు. బల్ల మీద తల ఆనించి ఫోనులో పేర్లు పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చూశాను. మూడు వందల పేర్లున్నాయి. అర్ధరాత్రి పన్నెండున్నరకి పిలవగలిగిన పేరు ఒకటి కూడా కనబడలేదు. చివరికి ఆ కడప అమ్మాయికే చేశాను. ఎక్కడని కూడా అడగలేదు, చెప్పులేసుకుంటున్న చప్పుడు వినబడింది. తన గది అక్కడికి పదిహేను కిలోమీటర్లు. ఊళ్లో గది ఇవ్వడానికి పనికిరాని పేరే ఆ రాత్రి నా కాగితం మీద సంతకమైంది.

అందుకే అక్క కూతురితో గడులు పక్కన పెట్టమన్నాను. "అర్ధరాత్రి పిలిస్తే వచ్చే మనిషి నీకు ఏ ఊళ్లో ఉంది?" అని అడిగాను. కాసేపు ఆలోచించింది. హైదరాబాదులో బంధువులు నాలుగిళ్లు ఉన్నారు. "వాళ్లకి చెప్పి మళ్లీ అందరికీ సమాధానం చెప్పుకోవాలి పిన్నీ" అంది. బెంగళూరులో ఇంటర్‌లో తనతో చదివిన హిందూపురం అమ్మాయి ఉంది. "దాన్నైతే ఎప్పుడైనా పిలుస్తాను" అంది. బంధువుల ఇళ్లు ఉన్నాయి కాబట్టి హైదరాబాదే మేలని అక్క అభిప్రాయం. నాదీ మొదట అదే. దాని గొంతులో ఆ రెండు వాక్యాలూ విన్నాక మార్చుకున్నాను. చుట్టాల్ని లెక్కపెట్టడం వేరు, మొహమాటం లేకుండా పిలవగలగడం వేరు. పిలవడానికి జంకేవాళ్లు ఎంతమంది ఉన్నా ఆ రాత్రి లేనట్టే.

మొదటి నెల హిందూపురం అమ్మాయి పీజీలోనే సర్దుకోమన్నాను, గది తర్వాత చూసుకోవచ్చని. అడ్వాన్సు కాక మూడు నెలల ఖర్చు విడిగా బ్యాంకులో పెట్టుకోమన్నాను. రంగుల మాట కాగితంలో రాయించుకోమన్నాను. నెల తర్వాత ఇద్దరూ కలిసి ఒక వాటా చూసుకున్నారు. ఆరు నెలల అడ్వాన్సు, కావేరి నీళ్లు ఉన్నాయి.

చేరిన రోజు పొద్దున ఫోను చేసింది. ఓనరమ్మ ఏమీ అడగలేదుట, ఊరు పేరు కూడా. తాళం ఇచ్చి వెళ్లిపోయింది. గంటకి మళ్లీ వచ్చి గుమ్మంలో నిలబడి "హాలు ఉక్కిసిద్రా?" అందిట. పిల్లకి హాలు అన్న మాట ఒక్కటే వినబడి, లోపలికి తీసుకెళ్లి హాలు చూపించింది. ఆవిడ తల అడ్డంగా ఊపి కిందికెళ్లి, ఒక గిన్నె, అర లీటరు పాలు తెచ్చి, వీళ్ల పొయ్యి మీద తనే పెట్టి, పొంగి గట్టు మీదికి కారేదాకా అక్కడే నిలబడిందిట.

"పాలు పొంగించారా అని అడిగింది పిన్నీ" అంది, అప్పుడే అర్థమైనట్టు.